మూసీనదియు ముప్పది సెకనుల మాయయు

నగరములోని నదిని ఛాయాచిత్రము తీయుట యిపుడొక వేడుక యైనది. సాయంకాలమున మూసీ వంతెనల కడ ముక్కాలిపీటపై కెమెరాను నిలిపి, షట్టరు కాలమును మార్చి మార్చి చూచువారు పెక్కురు కానవచ్చుచున్నారు. ఈ వేడుకను నేను నిందింపను. యంత్రమును చేతబట్టినవాడు దాని మర్మమును తెలిసికొనగోరుట మెచ్చదగినదే. కాని వీరు తమ పనికి ‘ప్రయోగము’ అని పేరిడుకొనుచున్నారు. ఆ పేరు వీరికి చెల్లదనియే నా వాదము.

వీరు చేయునదేమి? కటకపు రంధ్రమును ఎఫ్ 16 వరకు కుదింతురు. ఐ.ఎస్.ఓ. సంఖ్యను 100కు దింపుదురు. వెలుతురును వెయ్యింట నొక పాలుగా తగ్గించు నల్లని ఫిల్టరును కటకమునకు తొడుగుదురు. అంతట సెకనులో ముప్పదియవ వంతు చాలెడి చిత్రమునకు ముప్పది సెకనులకు పైగా పట్టును. ఆ వ్యవధిలో కదలినదెల్ల అలికినట్లు కలిసిపోవును. కదలనిది మాత్రమే స్పష్టముగ నిలుచును. 1578 నాటి పురానాపూల్ కమానులు చెక్కినట్లుండును. వాని క్రింద పారునది పాలో, పరచిన పట్టువస్త్రమో యను భ్రమ కలుగును. వైట్ బ్యాలెన్సును 7000 కెల్వినుల దాక పెంచిరా, నల్లని నీరు బంగారువన్నెకు వచ్చును. మిత్రులు చూచి ‘ఆహా’ యందురు.

ఆ పట్టువస్త్రము దేనితో నేయబడినదో విచారింతము. మూసీ వికారాబాదు కడ అనంతగిరి కొండలలో పుట్టినది. ముచికుంద యని దీనికి పౌరాణికనామము. 1908 సెప్టెంబరులో వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనిన వరద పిమ్మట, 1920లో దీనిపై ఉస్మాన్ సాగరు, 1927లో ఈసీపై హిమాయత్ సాగరు నిర్మితములైనవి. నీరు ఎగువనే నిలిచిపోవుటచే, వరదకాలము తప్ప తక్కిన దినములలో నగరము నడుమ పారునది చాలవరకు మురుగునీరే. దానిపై సబ్బునురుగు, ప్లాస్టికు సంచులు, పూజలు ముగిసిన పిదప మనమే భక్తితో విసరివైచిన పూలదండలు తేలిపోవుచుండును. సెకనులో ఐదువందలవ వంతులో తీసిన చిత్రమున ప్రతి సంచిని లెక్కింపవచ్చును. ముప్పది సెకనులనగా నంతకు పదునైదువేల రెట్లు. అప్పుడు నురుగు మంచుపొర యగును; సంచులు మాయమగును; మన పూలదండలును మాయమగును. (ఈ సదుపాయము మనకు మిక్కిలి హితమైనదే గదా!) దుర్గంధము ఏ కెమెరాకును ఎట్లును చిక్కదు.

మాయమగునది మురికి మాత్రమే యైన నేనింత వ్రాయకపోదును. ఒడ్డున వంగి పశువులకు గడ్డికోయు స్త్రీయు కదలుచున్నదే. ముప్పది సెకనులలో ఆమెయు పొగవలె కరగిపోవును. 1838లో పారిసు నగరపు వీథినొకదానిని డాగేరు చిత్రించినపుడు బండ్లును బాటసారులును ఇట్లే అదృశ్యులైరి; బూట్లు తుడిపించుకొనుచు నిలిచిన యొకని యాకృతి మాత్రము మిగిలెను. డాగేరు వీథిని నిర్జనము చేయగోరలేదు. ఆనాటి ఫలకమునకు కొన్ని నిమిషముల వెలుతురు కావలసి యుండెను. మనవారి చేతిలో సెకనులో నాలుగువేలవ వంతు సైతమున్నది. చేతగాక మరుగుపడుట యొకటి, చేతనైయుండి మరుగుపరచుట యింకొకటి.

‘కళాకారునకు స్వాతంత్ర్యము లేదా?’ యని యడుగుదురు. ఉన్నది. చిత్రకారుడు కుంచెతో మూసీని నీలముగ దిద్దినచో నెవ్వడును దానిని సాక్ష్యముగ గైకొనడు. ఛాయాచిత్రమును లోకము సాక్ష్యముగనే గైకొనును. నదీశుద్ధికి ధనమేల యని రేపు వాదింపబోవువాడు ఈ పాలధారనే చూపును. ఆ నీటితోనే దిగువ గ్రామములవారు వరిని, పశుగ్రాసమును పండించుచున్నారు. ఆ పాడిపశువులిచ్చు నిజమైన పాలు ఎవరి యింటికి పోవునో ఆతడు చూపడు.

దీర్ఘకాలచిత్రమున సత్యము లేదనుట నా యభిప్రాయము గాదు. నురుగుచారలు సాగిన తీరును బట్టి ప్రవాహమెచ్చట వంగినదో, ఏ కాలువ యెచ్చట గలియుచున్నదో, నీరెచ్చట కదలక కుళ్లుచున్నదో తెలియును. వేగచిత్రము దీనిని చూపజాలదు. ఇందుకై వారు ముక్కాలిపీట నిలిపినచో నేనే గొడుగు పట్టెదను. కాని వారు పదిచిత్రములు తీసి, తొమ్మిదింటిని తుడిచివైచి, కన్నులకింపైన పదవదానిని మాత్రమే వెలువరించుచున్నారు. రసాయనశాలలో నొక విద్యార్థి పది కొలతలు తీసి, తనకు నచ్చినదానినే వ్రాసికొనివచ్చిన మనమతనికి సున్న వేయుదుము.

కావున ఛాయాచిత్రప్రదర్శనములు నడుపువారు ఒక నిబంధన చేయవలయును. నగరనదిని ముప్పది సెకనులలో చూపువాడు, అదే గంటలో, అదే తావున, సెకనులో ఐదువందలవ వంతులో తీసిన చిత్రమును దాని ప్రక్కనే వ్రేలాడదీయవలయును. రెంటిక్రిందను స్థలము, నెల, షట్టరు కాలము, ఫిల్టరు వివరము వ్రాయవలయును. ఇందుకు క్రొత్త ఫిల్టరు కొనవలసిన వ్యయమును లేదు. ఉన్నదానిని ఒక్కక్షణము తీసివేసిన చాలును.