నోరులేని రోగిని అడగడం ఎలా?

మీకు జ్వరం వస్తే డాక్టరుగారు ఏం చేస్తారు? "ఎన్నాళ్ల నుంచి? ఆకలి వేస్తోందా? నిన్న ఏం తిన్నావు?" అని అడుగుతారు. సగం రోగం మీ జవాబుల్లోనే బయటపడుతుంది. మరి మీ ఇంట్లో బర్రె మేత మానేసి తల వేలాడేసి నిలబడిందనుకోండి. దాన్ని అడిగి లాభం లేదు. దాని తరఫున జవాబు చెప్పవలసింది రోజూ దాన్ని చూసే మనిషే. పశువైద్యుడు వచ్చి "రాత్రి నెమరు వేసిందా? పేడ ఎలా ఉంది?" అని అడిగితే చాలా ఇళ్లలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి "ఏదో ఒక సూది వెయ్యండి సారూ" అంటారు.

ఈ "ఏదో ఒక సూది" అనే మాట మీదనే నా ఫిర్యాదు. పశువుకు వైద్యం సూదితో మొదలవుతుందని మనం అనుకుంటున్నాం. నిజానికి అది చూపుతో, లెక్కతో, గాడిలో వేసే మేతతో మొదలవుతుంది. ఆ పని హైస్కూలు విద్యార్థి చేయగలడు. పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో అయితే తప్పకుండా చేయాలి. ఎందుకో తరువాత చెబుతాను.

మొదట దూరం నుంచి చూడండి. దగ్గరికి వెళితే పశువు బెదిరి మామూలు కంటే వేగంగా ఊపిరి తీస్తుంది, లెక్క చెడిపోతుంది. మందలో కలిసి ఉందా, విడిగా నిలబడిందా? చెవులు ఆడిస్తోందా? ముట్టె తడిగా ఉందా? తరువాత డొక్క ఎగిరిపడటం చూసి నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టండి. నీడలో నెమ్మదిగా ఉన్న పెద్ద పశువుకు సుమారు 15 నుంచి 35 ఉంటాయి. ఎండలో ఇంకా పెరుగుతాయి. బర్రె చర్మం నలుపు, పైగా దానికి చెమట గ్రంథులు తక్కువ. అది బురదలో పొర్లేది సోమరితనంతో కాదు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి! నాడి తోక మొదలు కింది వైపు దొరుకుతుంది. నిమిషానికి 40 నుంచి 80 లోపు కొట్టుకుంటుంది. ఒంటి వేడి దాదాపు 38 నుంచి 39 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే మనకంటే కొంచెం ఎక్కువ. థర్మామీటరు పెట్టే పని మాత్రం పెద్దవాళ్లకు వదిలేయండి. వెనక కాలి తాపు తగిలితే ఈసారి రోగి మీరే అవుతారు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముక వెనక పల్లం మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాలు కదలకుండా ఉంచండి. లోపల ఏదో నెమ్మదిగా పొంగి మీ చేతిని తోసి, మళ్లీ దిగినట్లు తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉంటే ఇలా రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లయినా జరుగుతుంది. అది రూమెన్ అనే పెద్ద సంచి కదలిక. పెద్ద పశువులో అందులో వంద లీటర్లకు పైగా పడుతుంది.

అసలు బర్రె గడ్డిని అరిగించుకోలేదంటే నమ్ముతారా? గడ్డిలోని సెల్యులోజును విడగొట్టే ఎంజైము దాని ఒంట్లో తయారు కాదు. ఆ పని రూమెన్‌లో కాపురముండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు చేస్తాయి. బర్రె వాటికి ఇల్లు, నీళ్లు, వెచ్చదనం ఇస్తుంది, నెమరు వేసి మేతను మెత్తగా నూరి ఇస్తుంది. అందుకే రోజుకు ఆరేడు గంటలు నెమరుకే పోతాయి. కాబట్టి మీరు గాడిలో వేసే మేత మొదట ఆ సూక్ష్మజీవుల భోజనం. ఈ ఒక్క సంగతి తెలిస్తే పశుపోషణలో సగం తెలిసినట్లే.

పెళ్లి ఇంట్లో గంగాళం అన్నం మిగిలిందనుకోండి. "పారేయడమెందుకు, బర్రెకు పెడదాం" అంటారు. ఫ్యాక్టరీ క్యాంటీను నుంచి బకెట్లతో తెచ్చి పోసేవారూ ఉంటారు. అలవాటు లేని పశువు ఒక్కసారిగా అంత అన్నం తింటే, పిండిపదార్థాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తాయి. గడ్డిని అరిగించేవి చచ్చిపోతాయి. పశువు కూలబడుతుంది, ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది. ప్రేమతో పెట్టిన అన్నమే విషమవుతుంది. పారిశ్రామిక ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఇనుము. పశువు మేతను ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది. తీగముక్కో మేకో లోపలికి పోతే, తేనెపట్టు లాంటి గళ్లున్న రెండో సంచిలో చేరుతుంది. దాని ముందే, పలుచని పొర అవతల, గుండె ఉంటుంది! అటువంటి పశువు వీపు వంచి నిలబడుతుంది, పల్లం దిగడానికి భయపడుతుంది. ఇది చూసి చెప్పగలిగినవాడు పశువైద్యుడి పని సగం తగ్గించినట్లే.

ఇక ఎంత మేత పెట్టాలి? దీనికి ముందు బరువు తెలియాలి. త్రాసు అక్కరలేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొన నుంచి పిరుదు ఎముక కొన దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో ఉజ్జాయింపుగా వస్తుంది. చుట్టుకొలత 72, పొడవు 54 అంగుళాలైతే సుమారు 424 కిలోలు. అందులో వందకు రెండున్నర నుంచి మూడు వంతులు, అంటే రోజుకు పదిన్నర నుంచి పన్నెండున్నర కిలోల మేత కావాలి. ఇది నీరు తీసేసిన లెక్క! పచ్చిగడ్డిలో అయిదింట నాలుగు వంతులు నీరే కదా. 15 కిలోల పచ్చిమేతలో 3 కిలోలు, 6 కిలోల చొప్పలో 5.4, 3 కిలోల దాణాలో 2.7, మొత్తం 11.1 కిలోలు. ఆరు లీటర్ల పాలిచ్చే బర్రెకు ఇది సరిపోతుంది. పాలు పెరిగితే ప్రతి రెండు లీటర్లకు కిలో దాణా పెంచాలి. గుప్పెడు ఖనిజ లవణాలు, తాగినన్ని మంచినీళ్లు మరవకూడదు.

చొప్పలన్నీ ఒకటి కావు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ జొన్న మీద పనిచేసే సంస్థ అని మీకు తెలుసు. 2004-05లో హైదరాబాదు చొప్ప వ్యాపారుల దగ్గర అమ్మే రకాలను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. అరిగే భాగం ఒక రకంలో సుమారు 47 శాతం, ఇంకో రకంలో 52 శాతం. ఈ అయిదు శాతం తేడాకే ధర కిలో 3 రూపాయల నుంచి 4 రూపాయల దాకా పెరిగింది. ప్రయోగశాల తేల్చిన సంగతిని బర్రెలవాళ్లు కంటితో చూసి, చేత్తో విరిచి ముందే పట్టుకున్నారన్నమాట! చూపు విలువ నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అదే జొన్న లేతగా, వానల్లేక గిడసబారి ఉన్నప్పుడు మేస్తే అందులోని హైడ్రోజన్ సయనైడు విషం పశువును నిమిషాల్లో చంపగలదని కూడా ఆ కళ్లకు తెలియాలి.

ఇప్పుడు, మన ప్రాంతంలో ఎందుకు తప్పనిసరి అన్నానో చెబుతాను. ఇక్కడ నక్కవాగు ఉంది. అది మంజీరలో కలుస్తుంది. ఫ్యాక్టరీలు వచ్చాక వాటి వ్యర్థజలాలు ఆ వాగులో చేరి పొలాలు, పశువులు పాడయ్యాయని రైతులు మొత్తుకున్నారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. రైతులకు జరిగిన నష్టం తేల్చే పని సంగారెడ్డిలోని జిల్లా జడ్జికి అప్పగించారు. 2001లో కేసు హైకోర్టుకు, ఆ తరువాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. ఇన్నేళ్లు నడిచే వ్యవహారంలో "మా బర్రె ఈనలేదు, పాలు తగ్గాయి" అనే మాటకు ఎంత బలం ఉంటుంది? ఫలానా తేదీన ఇన్ని పాలు, ఫలానా తేదీన ఇన్ని, ఆ వారం ఈ నీళ్లు తాగింది అని రాసి ఉన్న పుస్తకానికి ఎంత బలం ఉంటుంది? మీరే ఆలోచించండి.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. మందు ఇలా చౌకగా పారే చోట మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి. దానికి తోడు మనం కొట్టంలో "ఏదో ఒక సూది" వేయించి వాటికి ఇంకాస్త సాయం చేద్దామా? నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ సంగతి కూడా తెలుసుకోండి. ఆ సూది పడిన పశువుల కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. సూది పశువు దగ్గరే ఆగిపోదు.

"చదువుకునే పిల్లలకు గొడ్ల పని అంటగడతారా? తెలిసీ తెలియని వైద్యం ప్రమాదం కాదా?" అని కొందరు అడగవచ్చు. రెండో ప్రశ్న న్యాయమైనది. నేను మిమ్మల్ని వైద్యం చేయమనడం లేదు, చూసి రాయమంటున్నాను. చొంగ కారుస్తూ నీళ్లు మింగలేకపోతున్న పశువు నోట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అది రేబిస్ కావచ్చు. అప్పుడు పశువైద్యశాలకు కబురు చేయాలి, లేదా 1962కు ఫోను చేయాలి. మొదటి ప్రశ్నను మాత్రం నేను ఒప్పుకోను. పదో తరగతి తరువాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా చదివేవారు ఈ చూపునూ ఈ లెక్కలనూ నేర్చుకుంటారు. ఆ చదువును చిన్నచూపు చూసేవారు రోజూ పొద్దున్నే టీ తాగుతూనే ఉంటారు. ఆ పాలు ఎక్కడివి?

రేపు ఆదివారం ఒక పాత నోటుపుస్తకం తీసుకుని గీతలు గీయండి. తేదీ, ఊపిరి, డొక్క కదలిక, నెమరు, పేడ, మేత, పాలు. చివరి గడి కాస్త వెడల్పుగా ఉంచండి. అందులో ఆ రోజు మీ బర్రె ఏ నీళ్లు తాగిందో, వాటి రంగూ వాసనా ఎలా ఉన్నాయో రాయాలి.