ప్రహరీకి ఇరువైపులా

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం, ఓడరేవు వంటి సంస్థల చుట్టూ ఎత్తైన ప్రహరీగోడలు, వాటిపై ముళ్ళకంచెలు, ద్వారాల వద్ద కాపలా సిబ్బంది కనిపిస్తారు. ప్రభుత్వరంగ పరిశ్రమల రక్షణకై 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతాదళం నేడు ఉక్కు, విద్యుత్తు, అణుశక్తి, అంతరిక్ష రంగాల సంస్థలను, విమానాశ్రయాలను కాపాడుతున్నది. జాతి సంపదను దొంగల నుండి, విద్రోహుల నుండి కాపాడుకోవడం ప్రభుత్వానికి తప్పనిసరి కర్తవ్యం. ఇందులో వివాదం లేదు. అయితే బయటినుండి గోడ దాటి లోపలికి వచ్చే ఆపద పట్ల ఉన్న శ్రద్ధలో సగమైనా, లోపలినుండి గోడ దాటి బయటికి వచ్చే ఆపద పట్ల ఉన్నదా అన్నది ఆలోచింపదగిన విషయం.

ఆంగ్లంలో సెక్యూరిటీ, సేఫ్టీ అని రెండు వేర్వేరు మాటలున్నాయి. తెలుగు వాడుకలో రెండింటికీ భద్రత అనే మాటే చెల్లుబాటవుతున్నది. భద్రమంటే క్షేమం, శుభం. మాట మంచిదే. కాని ఒకే మాటలో ఒదిగిపోయిన ఈ రెండు పనుల స్వభావాలు పరస్పర విరుద్ధమైనవి. రక్షణకు గోప్యత అవసరం. ఏ గిడ్డంగి ఎక్కడున్నదో, ఏ గొట్టం ఎటు సాగుతున్నదో పరాయివారికి తెలియరాదు. ప్రమాదం నుండి ప్రజలను కాపాడడానికి దాపరికం పనికిరాదు. ఏ ట్యాంకులో ఏ రసాయనం ఉన్నదో, అది వెలువడితే ఏమవుతుందో చుట్టుపక్కల నివసించేవారికి ముందుగానే తెలియాలి. ప్రభుత్వ నియంత్రణ మొదటి పనిని పట్టుదలతోనూ, రెండవ పనిని మొక్కుబడిగానూ నిర్వహిస్తున్నది.

2020 మే 7వ తేదీన విశాఖ శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగిన దుర్ఘటన ఇందుకు నిదర్శనం. అక్కడి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే ద్రవాన్ని పెద్ద ట్యాంకులో నిలవ ఉంచారు. ప్లాస్టిక్ తయారీకి ఇది ముడిసరుకు. నిలవ ఉన్న స్టైరీన్ అణువులు వాటంతటవే ఒకదానితో ఒకటి గొలుసులా కలుస్తాయి. ఆ కలయికలో వేడి పుడుతుంది. వేడి పెరిగినకొద్దీ కలయిక మరింత వేగం పుంజుకుంటుంది. అందువల్ల ద్రవాన్ని నిరంతరం చల్లగా ఉంచడం, కలయికను అడ్డుకొనే రసాయనాన్ని తగిన పాళ్ళలో చేర్చడం అవసరం. కరోనా లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆగి, సరుకు కదలక నిలిచిపోయిన రోజులలో ఈ రెండు విషయాలలోనూ అలసత్వం చోటుచేసుకున్నది. ట్యాంకు అడుగుభాగంలో మాత్రమే ఉష్ణోగ్రతను కొలుస్తుండడం వల్ల పై పొరలు కాగిపోతున్న సంగతి ఎవరికీ తెలియలేదనీ, శీతలీకరణ వ్యవస్థను రాత్రివేళల్లో నిలిపివేసేవారనీ రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తన నివేదికలో పేర్కొన్నది. ఆ ఆవిరికి 12 మంది బలైపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మూగజీవాలు కట్టుకొయ్యల వద్దనే కుప్పకూలాయి.

ఇంతకంటె మనస్సును కలచివేసే అంశం మరొకటి ఆ నివేదికలో ఉన్నది. ప్రమాద సూచనగా సైరను మోగించేందుకు ఆ కర్మాగారంలో 36 చోట్ల ఏర్పాట్లున్నాయి. వాటిలో ఒక్కదానినీ ఎవరూ ఉపయోగించలేదు. నిద్రలో ఉన్న ఊరు, ఘాటైన వాసనకు, కళ్ళమంటకు లేచి, ఎటు పోవాలో తెలియక చీకటిలో పరుగులు తీసింది. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడు రెట్లకు పైగా బరువైనది. అది నేలను అంటిపెట్టుకొని పల్లంవైపు పారుతుంది. కాబట్టి పల్లపు ప్రదేశాలకు పోరాదు. గాలి వీచే దిశలో పరుగెత్తక, దానికి అడ్డంగా తప్పుకోవాలి. ఇది పాఠశాల విద్యార్థికి సైతం ఒక్క పీరియడులో నేర్పగల విషయం. కర్మాగారం అక్కడ వెలసినది 1961లో. దాదాపు 60 సంవత్సరాల ఇరుగుపొరుగు సంబంధంలో ఈ నాలుగు మాటలు చెప్పేందుకు తీరిక చిక్కలేదు!

చట్టం లేకపోవడం వల్ల ఇలా జరిగిందనడానికి వీలులేదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి భోపాల్‌లో విషవాయువు వేలమందిని పొట్టనపెట్టుకొన్న తరువాత దేశం మేల్కొన్నది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలు నిర్వహించే యాజమాన్యం ఆ ప్రమాదాల వివరాలను కార్మికులకు, స్థానిక సంస్థలకు, పరిసర ప్రాంత ప్రజలకు తెలియజేయాలని విధించారు. గోడ వెలుపల అమలు జరపవలసిన అత్యవసర ప్రణాళికను గురించి 1989 నాటి నిబంధనలు చెప్పాయి. 1996 నిబంధనలు కేంద్రస్థాయి నుండి స్థానికస్థాయి దాకా రసాయన ప్రమాదాలను ఎదుర్కొనే బృందాలను ఏర్పరచాలన్నాయి. కాగితం మీద లోపమేమీ కనబడదు. అయితే తమ ఊరికి అటువంటి ప్రణాళిక ఒకటున్నదని తెలిసిన గ్రామస్థులు ఎందరు? బీరువాలో దాగిన ప్రణాళిక అధికారికి రక్షణ కావచ్చునేమో గాని, ఊరికి కాలేదు.

ముందుగా తెలియడానికీ, తెలియకపోవడానికీ మధ్యనున్న అంతరం భారతకథలో లక్కయింటి ఘట్టం చదివినవారికి కొత్తగా చెప్పవలసినది కాదు. లక్క, నేయి మొదలైన మండే పదార్థాలతో కట్టిన ఆ ఇంట్లో పాండవులు చాలకాలం నివసించారు. ఇతరులకు బోధపడని రీతిలో విదురుడు ధర్మరాజును హెచ్చరించాడు. సొరంగం తవ్వేవాణ్ణి పంపాడు. వారు బ్రతికి బయటపడ్డారు. ఆ రాత్రి విందుకు వచ్చి అక్కడే నిద్రించిన నిషాద స్త్రీకి, ఆమె ఐదుగురు కుమారులకు ఏ విదురుడూ ఏమీ చెప్పలేదు. మంట అందరికీ ఒకటే. ఆ తల్లీబిడ్డలను గురించి కథకులు ఎక్కువసేపు ఆగరు. కర్మాగారాల గోడల పక్కన ఇళ్ళు కట్టుకొన్న బడుగుజనుల స్థితి వారి స్థితికి ఎంతో దూరంలో లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వినిపిస్తుంటాయి. కీలక పరిశ్రమల వివరాలు వెల్లడిస్తే అవి విద్రోహుల చేతికి చిక్కుతాయన్నది మొదటిది. ఇందులో కొంత నిజమున్నది. కాని విద్రోహికి కావలసినది లోపలి నిర్మాణపు పటం. పొరుగువారికి కావలసినది వాయువు పేరు, సైరను అర్థం, తప్పుకొనే దారి. ఈ రెండింటినీ వేరుచేయడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. 1997 సెప్టెంబరు 14న విశాఖలోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో, ఓడ నుండి తెచ్చే ద్రవీకృత వంటవాయువు గొట్టం నుండి లీకై మంటలంటుకొని, దాదాపు 60 మంది మరణించారు. అది గోప్యత పాటించి ఆపగల ప్రమాదం కాదు.

తనిఖీలు పెరిగితే అధికారుల వేధింపులు పెరిగి పరిశ్రమలు తరలిపోతాయన్నది రెండవ ఆక్షేపణ. చేయిచాచే అధికారులు లేరని ఎవరూ అనరు. అయితే ఆ దోషానికి తనిఖీని తగ్గించడం మందు కాజాలదు. ఎల్.జి. పాలిమర్స్ విషయంలో, తగిన పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి జరుగుతున్నదని సంస్థయే 2019లో ప్రమాణపత్రంలో అంగీకరించినది. ఆ తరువాత కూడ యంత్రాలు ఆగలేదు. అడ్డుకోవలసినవారు అడ్డుకోలేదు. పైగా కర్మాగారం చుట్టూ నగరం పెరిగిపోతుంటే ఆ లేఅవుట్లకు, ఇళ్ళకు పన్ను కట్టించుకొన్న యంత్రాంగమూ ప్రభుత్వానిదే.

2024 ఆగస్టులో అచ్యుతాపురంలోని ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మందిని, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొన్నాయి. పాశమైలారం మృతులలో పొట్టచేతబట్టుకొని ఒడిశా, బీహారు వంటి రాష్ట్రాల నుండి వచ్చినవారున్నారు. హెచ్చరిక పలక ఆంగ్లంలోనో తెలుగులోనో మాత్రమే ఉంటే అటువంటివారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి కర్మాగారాల చట్టం స్థానాన్ని ఆక్రమించింది. తనిఖీ అధికారి ఇందులో సౌకర్యం కల్పించేవాడు కూడ అయ్యాడు. ఎవరికి సౌకర్యమన్నది ఆచరణలో తేలవలసి ఉన్నది. ప్రమాద వివరాలను పరిసర ప్రజలకు తెలియజేయాలన్న విధి ఈ స్మృతిలోనూ కొనసాగింది. దానికి ప్రాణం పోయడం రాష్ట్రాల చేతిలోని పని. గోడ అవతల ఉన్న రసాయనం పేరు, సైరను మోతల అర్థం, తప్పుకొనవలసిన దారి పొరుగు పంచాయతీ కార్యాలయం గోడమీద, పాఠశాల గోడమీద స్థానిక భాషలో వ్రాయించని సంస్థకు అనుమతిని పునరుద్ధరించరాదు. కార్మికులకు వారి వారి భాషలలోనే ఆ వివరాలు అందాలి. ఊరివారంతా పాల్గొనే ప్రమాద నివారణ విన్యాసాలు ఏటా జరగాలి. అందులో ఒకటైనా రాత్రివేళ జరపాలి. వెంకటాపురంలో ఆవిరి వెలువడినది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో.