వేలిముద్ర పడని చేతులు

ఆమధ్య కాశీబుగ్గలో ఓ బ్యాంకుకి వెళ్లాను. నా ముందున్న పెద్దావిడ మిషను మీద వేలు పెట్టింది. పడలేదు. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. ఆ చెయ్యి, ఈ చెయ్యి... పది వేళ్లూ అయిపోయాయి. "నా ఏలు పడనేదు బాబూ, జీడి పని కదా!" అంది, తప్పేదో తనదైనట్టు. మర్నాడు రమ్మన్నారు. అంటే ఇంకో పూట కూలి పోయినట్టే.

జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్క కొట్టీ కొట్టీ వేళ్లు నల్లబడతాయి, గీతలు అరిగిపోతాయి. మనం పాయసంలో వేసుకునే పలుకు విరక్కుండా గుండుగా రావడం వెనకాల ఇంత కథ ఉంది. చాలాచోట్ల కిలో లెక్కన కూలి. గుండు పలుకుకి బజారులో ఒక ధర, బద్దకి ఇంకో ధర. అరిగిన వేలికి మాత్రం ధర లేదు!

ఏ మీటింగులో చూసినా ఒకటే మాట... "ఈ ప్రాంతానికి పరిశ్రమలు రావాలి" అని. పలాస, కాశీబుగ్గల నిండా ఉన్న జీడి ఫ్యాక్టరీలు మరేమిటి? ఆడవాళ్లు చేసేది పరిశ్రమ కింద లెక్కలోకి రాదు కాబోలు!

2016 జనవరిలో స్మార్ట్ నగరాల మొదటి జాబితాలో విశాఖ, కాకినాడ చేరాయి. మనకీ అలాంటి హంగులు కావాలని ఇక్కడి పిల్లలు కోరుకోవడంలో తప్పేమీ లేదు. పని కోసం హైదరాబాదు, చెన్నై రైళ్లెక్కి పోతున్నది వాళ్లే కదా. నేనూ అభివృద్ధి వద్దనే మనిషిని కాను. కానీ అది మన దగ్గరికి ఎలా వచ్చిందో మర్చిపోగలమా? థర్మల్ కేంద్రాలు వద్దని జనం అడ్డుపడితే 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. సోంపేటలో కాల్పులు జరిగిన రోజునే ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ అప్పిలేట్ సంస్థ రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్కరోజు ముందొచ్చి ఉంటే!

2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం మాట వినబడింది. భూమి పోతే పరిహారం పట్టా ఉన్నవాళ్లకి. పట్టా ఎక్కువగా మగవాడి పేరనే ఉంటుంది. ఆ తోటలో పిక్కలేరిన ఆవిడ, కొబ్బరి పీచు తీసిన ఆవిడ, ఒడ్డున చేపలు ఎండబెట్టి గంపనెత్తుకునే ఆవిడ... వీళ్లు ఏ కాగితంలో ఉన్నారు? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి జీడి, కొబ్బరి చెట్లు కూలినప్పుడూ ఇంతే. మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఇల్లు గడిపింది ఎవరో ఇంట్లోవాళ్లనడగండి.

దీనికితోడు కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచిదే. మొగుణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్లిన రోజు పెళ్లానికి కూలి ఉండదన్నది మాత్రం అలాగే ఉంది.

అందుకే కొత్త ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు "ఎన్ని ఉద్యోగాలు?" అనడిగి ఊరుకోకండమ్మా. ఆడవాళ్లకెన్ని, నెల జీతమా కిలో లెక్కా, చేతికి తొడుగులిస్తారా, పసిపిల్లని ఎక్కడ పడుకోబెట్టాలి... ఇవన్నీ అడగండి. జవాబులు మినిట్స్‌లో రాయించండి. రాశారో లేదో చదివించుకుని మరీ ఇంటికి రండి.