నెలకు రెండుసార్లా? రెండు నెలలకొకసారా?

గత విద్యాసంవత్సరంలో మా తరగతి మిత్రుడొకనికి విద్యార్థి వేతనం మంజూరైనది. దానితోపాటు వచ్చిన ఆంగ్ల ప్రకటనలో, హాజరు ధ్రువపత్రాన్ని ‘బైమంత్లీ’గా సమర్పించవలెనని ఉన్నది. మిత్రుడు జాగ్రత్తపరుడు. నిఘంటువు తెరచి చూచినాడు. రెండు నెలలకొకసారి అని కనిపించినది. సరిగ్గా రెండు నెలలు గడచిన పిమ్మట పత్రం చేతబట్టుకొని కార్యాలయానికి వెళ్ళినాడు. నెలకు రెండేసి చొప్పున నాలుగు పత్రాలు రావలసి ఉండగా ఒక్కటే వచ్చినదని అక్కడివారు విడత నిలిపివేసినారు. ఇతడు నిఘంటువు చూపినాడు. గుమాస్తాగారు అదే నిఘంటువులో, అదే పదం క్రింద రెండవ అర్థం చూపినారు: నెలకు రెండుసార్లు!

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తప్పు ఆ పదానిది. అంతకుమించి, ఆ పదాన్ని ఒక ప్రకటనలో వాడినవారిది.

లాటిను నుండి వచ్చిన ‘బై’ అనే ఉపసర్గకు ‘రెండు’ అని అర్థం. అయితే ఆ రెండు దేనికి చెందునో అది చెప్పదు. కాలం రెండింతలు కావలెనా, పని రెండుసార్లు జరుగవలెనా? ‘బైమంత్లీ’ అన్నప్పుడు ఏడాదికి ఇరవైనాలుగు కావచ్చును, ఆరు కావచ్చును. ఒకటికి నాలుగు రెట్లు వ్యత్యాసం గల రెండర్థాలను ఒకే పదం మోయుచున్నది. ‘బైవీక్లీ’ సంగతీ ఇంతే. సంవత్సరాల విషయంలో మాత్రం ఆంగ్లేయులు కొంత మెలకువ చూపినారు. ఏడాదికి రెండుసార్లు జరిగేది ‘బైయాన్యువల్’, రెండేళ్ళకొకసారి జరిగేది ‘బైయెనియల్’. 1895లో వెనిస్ నగరంలో ఆరంభమైన కళాప్రదర్శనకు రెండేళ్ళకొకసారి అనే అర్థంతోనే ‘బియన్నాలె’ అని ఇటలీ భాషలో పేరు వచ్చినది. మన వృక్షశాస్త్ర విద్యార్థులకూ ఈ మాట పరిచితమే. క్యారెట్టు, క్యాబేజీ మొదటి ఏడు ఆకులు, వేరు పెంచుకొని రెండవ ఏట పుష్పిస్తాయి గనుక అవి బైయెనియల్ మొక్కలు. కాని ఈ రెండు పదాలను తొందరలో చదివేవాడు ఒకదానిని మరొకటిగా భావించినచో ఆశ్చర్యమేమున్నది?

ఆంగ్లంలో మందు లేకపోలేదు. సగం అనే అర్థంగల ‘సెమీ’ ఉన్నది. ‘సెమీవీక్లీ’ అన్నచో వారానికి రెండుసార్లనే తప్ప వేరొక అర్థం రాదు. అయినను దానిని అందరూ వాడరు.

మన నగరపు ఉదాహరణే తీసుకొందాం. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదున స్థాపించిన గోలకొండ పత్రిక తొలుత వారానికి రెండుసార్లు వెలువడినది. 1947లో దినపత్రికగా మారినది. దీనిని గూర్చి ఆంగ్లంలో ‘బైవీక్లీ’ అని ఒక్క మాట వ్రాసి ఊరకున్నచో, ఎరుగని పాఠకుడు రెండు వారాలకొక సంచిక, ఏడాదికి ఇరవైయారు అని లెక్క వేసుకొంటాడు. నిజాం కాలంలో తెలుగు పత్రిక నడుపుట ఎంతటి శ్రమయో తెలిసినవారికి, ఆ శ్రమలో ముప్పాతిక భాగం ఒక్క ఉపసర్గ మ్రింగివేయుట బాధాకరంగా తోచును.

మన కళాశాలలో వినిపించే రెండు భాషలలో ఈ చిక్కు చాలవరకు లేదు. ఉర్దూలో రోజ్‌నామా, హఫ్త్‌రోజా, పంద్రహ్‌రోజా, మాహ్‌నామా, సెహ్‌మాహీ, షష్‌మాహీ, సాల్‌నామా. ప్రతి మాటలోను లెక్క స్పష్టంగా వినిపించును. షష్‌మాహీ ఇమ్తిహాన్ అనగానే ఆరు నెలల పరీక్ష అని చిన్న పిల్లవానికైనా తెలియును. తెలుగులో దినపత్రిక, వారపత్రిక, పక్షపత్రిక, మాసపత్రిక, ద్వైమాసికం, త్రైమాసికం ఉన్నవి. ద్వైమాసికమన్నచో రెండు నెలలకొకటే. నెలకు రెండు అని ఎవరూ అనుకొనరు.

ఇంత చెప్పి మన భాషలలో లోపమే లేదనుట న్యాయం కాదు. ద్వైవార్షికం అనే మాటను అర్ధవార్షికానికి బదులుగా వ్రాసేవారిని నేను చూచినాను. ఇది ఆంగ్లపు జబ్బు మనకు అంటుకొనుటయే. పక్షం అన్నప్పుడు మనం పదిహేను తిథులు లెక్కిస్తాము, పంద్రహ్‌రోజా పదిహేను దినాలు, ఆంగ్లేయుల ‘ఫోర్ట్‌నైట్’ పద్నాలుగు రాత్రులు. ఒకటవ తేదీన, పదిహేనవ తేదీన వచ్చే మన పక్షపత్రికకు ఏడాదికి ఇరవైనాలుగు సంచికలు, పద్నాలుగు దినాల లెక్కన వచ్చేదానికి ఇరవైయారు. చందా కట్టేవాడు రెండు సంచికల తేడా గమనించవలెను. ఇంతకంటే వింత లండనులో జరిగినది. 1865లో పుట్టిన ‘ఫోర్ట్‌నైట్లీ రివ్యూ’ మరుసటి ఏడాదే మాసపత్రికయైనది. పేరు మాత్రం మార్చుకొనలేదు!

పత్రిక విషయంలో పొరబడితే ఒక సంచిక పోవును, అంతే. ఔషధం విషయం అట్లు కాదు. ప్రతిదినం అనుటకు, దినం విడిచి దినం అనుటకు వైద్యులు వ్రాసే లాటిను సంకేతాక్షరాలు ‘క్యూడి’, ‘క్యూఓడి’. మధ్యనున్న ఒక్క అక్షరం సరిగా కనబడకున్నచో రోగికి మందు రెట్టింపగును. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ 2004లో ఈ రెండింటిని వాడరాని సంకేతాల పట్టికలో చేర్చి, మాటను పూర్తిగా వ్రాయవలెనని విధించినది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకొనవలసిన మెథోట్రెక్సేట్‌ను ప్రతిదినం వేసుకొని ప్రాణాలు కోల్పోయినవారున్నారు. ఎన్నిసార్లు అన్న ప్రశ్నను చిన్న వ్యాకరణ విషయంగా భావించేవారు దీనిని గమనింతురు గాక.

కళాశాల పాలకవర్గం వారికి నా మనవి ఒక్కటే. ఇకమీదట మన ప్రకటనల ఫలకంపై ‘బై’తో ఆరంభమయ్యే కాలవాచకం ఏదియు కనిపించరాదు. ఆంగ్లంలో వ్రాసినను ‘ట్వైస్ ఎ మంత్’ అని గాని, ‘వన్స్ ఇన్ టూ మంత్స్’ అని గాని విప్పి వ్రాయవలెను. క్రింద తెలుగులోను ఉర్దూలోను అదే సంగతి ఉండవలెను. తేదీలనే వేసినచో మరీ మంచిది. బయటి కార్యాలయాల నుండి వచ్చే ప్రకటనలలో అట్టి పదమున్నప్పుడు, దానిని అంటించుటకు ముందే అర్థమేమిటని ఆ కార్యాలయాన్ని అడిగి, ప్రక్కన వ్రాయించవలెను. ఇందుకు ఖర్చయ్యేది ఒక తపాలా కార్డు.

మా మిత్రుడు అప్పటినుండి నెలకు రెండు పత్రాలు తప్పక ఇచ్చుచున్నాడు. నిలిచిపోయిన ఆ విడత మాత్రం ఇంకను రాలేదు.