ఏ ఇంజనుకు ఏ క్యామ్‌షాఫ్ట్? - ఒక అభిప్రాయం

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఒక గంటసేపు నిలిచినవారికి యంత్రయుగమంటే ఏమిటో వేరుగా బోధించనక్కరలేదు. కర్నూలు నుండి కడపకు పోయే లారీలు, ప్రొద్దుటూరు నుండి బద్వేలు దారి పట్టే బస్సులు, పసుపు బస్తాలతో వచ్చే ట్రాక్టర్లు, పెళ్ళివారి కార్లు - ఇన్ని ఇంజనుల ధ్వనుల నడుమ మన విద్యార్థులు ప్రతిదినం కళాశాలకు వచ్చిపోతున్నారు. ఈ ధ్వనులలో ఒకదానిని గూర్చి మా అభిప్రాయాన్ని ఇక్కడ చెప్పదలచినాము. నిలిచి ఉన్నప్పుడు గుడగుడమని కుదుపుతో ఊగుతూ, ఆగిపోతుందేమో అన్నట్లు తడబడుతూ, యాక్సిలరేటరు తొక్కగానే గర్జించే పాత కారు ధ్వని అది. పందెపు క్యామ్‌షాఫ్ట్ అమర్చిన ఇంజను చేసే ధ్వని. యువకులు కొందరు దానిని శక్తికి చిహ్నంగా భావిస్తున్నారు. తగని చోట వినబడినప్పుడు అది శక్తికి కాదు, తొందరపాటు ఎంపికకు చిహ్నమని మా అభిప్రాయం.

మాకు తెలిసిన ఒక యువకుడు, తండ్రి పసుపు అమ్మిన సొమ్ములో కొంత అడిగి తెచ్చుకొని, పాత కారుకు అన్నిటికన్న పెద్ద క్యామ్‌షాఫ్ట్ తెప్పించి వేయించుకున్నాడు. కారు వేగం పెరిగిందని రెండు దినాలు సంతోషించాడు. మూడవ దినం సంతనాటి రద్దీలో మెల్లగా వస్తూ బ్రేకు నొక్కితే పెడలు రాయివలె బిగుసుకొని ఉన్నది. కాలి బలమంతా ఉపయోగించి తోపుడు బండికి మూరెడు దూరంలో ఆపగలిగాడు. బండిని షెడ్డుకు తోలుకొని పోగా, వయసు మళ్ళిన మెకానిక్ ఒకరు బానెట్ ఎత్తకుండానే అడిగిన ప్రశ్న ఇది: "ఈ బండి యాడ తిరగాలప్పా?" "ప్రొద్దుటూరికి, కడపకు చాచా" అన్నాడు యువకుడు. "మరి పందెం క్యామ్ ఎందుకు ఏసినావు?" అన్నారాయన. ఆ యువకుడు దానికి సమాధానం చెప్పలేకపోయాడు. అమ్మినవారు గాని, కొన్నవాడు గాని అడుగవలసిన మొదటి ప్రశ్నను చివరకు షెడ్డులోని పెద్దాయన అడుగవలసి వచ్చింది. మా వ్యాసానికంతటికీ ఆ ప్రశ్నయే మూలం.

క్యామ్‌షాఫ్ట్ అనగా ఏమి? ఒక ఇనుప కడ్డీ మీద కోడిగ్రుడ్డు ఆకారం గల దిమ్మెలు వరుసగా ఉంటాయి. కడ్డీ తిరిగినప్పుడు గ్రుడ్డు మొన పైకి వచ్చి వాల్వును తెరుస్తుంది. మొన దాటిపోగానే స్ప్రింగు ఆ వాల్వును మూస్తుంది. తిరుగుడును ఎగుడుదిగుడు కదలికగా మార్చే ఈ ఉపాయం ఐరోపా మోటారు కంపెనీలతో పుట్టినది కాదు. క్రీ.శ. 1206లో దియార్‌బకిర్‌లోని అర్తుఖీ ప్రభువుల కొలువులో ఉన్న ఇస్మాయీల్ అల్-జజరీ, యంత్రశిల్పాన్ని గూర్చి అరబ్బీలో వ్రాసిన గ్రంథంలో క్యామ్‌లను ఉపయోగించిన యంత్రాలను సచిత్రంగా వర్ణించాడు. నీటిని తోడే యంత్రాలు, తమంత తామే వాద్యాలు మ్రోగించే బొమ్మలు ఆయన రచించిన అద్భుతాలు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులు ఈ పేరును గర్వంతో స్మరించవచ్చును. అయితే ఆయన గొప్పతనం యంత్రాలను ఊహించుటలో మాత్రమే లేదు. ప్రతి భాగానికీ కొలత చెప్పి, మరొకడు చూచి చేసుకొనగలిగినట్లు వ్రాయుటలో ఉన్నది. ఆ కొలత బుద్ధియే నేడు మనకు కావలసినది.

ఇక కొలతలలోనికి వత్తుము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు ప్రతి వాల్వు సెకనుకు 50 సార్లు తెరచుకొని మూసుకొంటుంది. వాల్వు ఎంత ఎత్తుకు లేస్తుందో అది లిఫ్ట్. క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేవరకు తెరచి ఉంటుందో అది డ్యురేషన్. లోపలికి గాలి తెచ్చే వాల్వు, పొగను పంపే వాల్వు రెండూ ఒకేసారి తెరచి ఉండే కాలం ఓవర్‌ల్యాప్.

ఊరి అవసరాలకు తగిన ఒక క్యామ్‌ను ఉదాహరణగా తీసుకొందము. పిస్టన్ పైకొసకు చేరుటకు 10 డిగ్రీల ముందు ఇన్‌లెట్ వాల్వు తెరచుకొని, అడుగు కొసను దాటిన 50 డిగ్రీలకు మూసుకొంటుందనుకొందము. 10, 180, 50 కలిపితే 240 డిగ్రీల డ్యురేషన్. ఎగ్జాస్టు వాల్వు కూడా అదే తీరున ఉంటే ఓవర్‌ల్యాప్ 20 డిగ్రీలు. పందెపు క్యామ్‌లో అదే వాల్వు 40 డిగ్రీల ముందు తెరచుకొని 80 డిగ్రీల తరువాత మూసుకొంటే డ్యురేషన్ 300 డిగ్రీలకు, ఓవర్‌ల్యాప్ 80 డిగ్రీలకు పెరుగుతాయి.

ఈ రెండింటి భేదం ఎక్కడ బయటపడుతుంది? సాధారణ కనెక్టింగ్ రాడ్ పొడవు గల ఇంజనులో, అడుగు కొసను దాటి 50 డిగ్రీలు తిరిగేసరికి పిస్టన్ తన ప్రయాణంలో సుమారు ఏడవ వంతు మాత్రమే పైకి వచ్చి ఉంటుంది. 80 డిగ్రీలకైతే సుమారు మూడవ వంతు పైకి వచ్చివేస్తుంది. అంతవరకు ఇన్‌లెట్ వాల్వు తెరచియే ఉన్నందున, మెల్లగా తిరిగే ఇంజనులో లోపలికి వచ్చిన మిశ్రమం కొంత వచ్చిన దారినే వెనుకకు పోతుంది. వేగంగా తిరిగేటప్పుడు మాత్రం లోపలికి దూసుకొని వచ్చే గాలికి ఊపు ఉండుటవలన, పిస్టన్ పైకి లేస్తున్నా గాలి ఇంకా లోనికే వస్తుంది. కనుక పందెపు క్యామ్ కొత్తగా శక్తిని సృష్టించదు. క్రింది వేగంలోని బలాన్ని తీసి పై వేగానికి తరలిస్తుంది. నిమిషానికి 6000 చుట్లు దాటి తిరిగే పందెపు బాటలో అది లాభం. 2000కు 4000కు నడుమ జీవితమంతా గడిపే ఊరి కారులో అది నష్టం.

మన యువకుని బ్రేకు ఎందుకు బిగుసుకొన్నదో కూడా దీనివలననే తెలుస్తున్నది. చాలా పెట్రోలు కార్లలో బ్రేకుకు తోడ్పడే బూస్టరు, ఇంజను లోనికి గాలిని పీల్చునప్పుడు ఏర్పడే వాక్యూమ్ మీద ఆధారపడి ఉంటుంది. ఓవర్‌ల్యాప్ మిక్కుటమైన ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు, రెండు వాల్వులూ కలిసి తెరచి ఉన్న సమయంలో పొగ ఇన్‌లెట్ వైపునకు పోయి ఆ వాక్యూమ్‌ను తగ్గిస్తుంది. రోడ్డు పక్కన నిలిచినవారు ముచ్చటపడి వినే ఆ గుడగుడ ధ్వనియే బ్రేకు బలం తగ్గినదని చెప్పే హెచ్చరిక కావచ్చును.

క్యామ్ ఒంటరిగా పనిచేయదని మరువరాదు. పొడవైన డ్యురేషన్ గల క్యామ్‌కు కంప్రెషన్ రేషియో పెంచవలసి ఉంటుంది. లేనిచో క్రింది వేగంలో ఇంజను నీరసిస్తుంది. చిన్న క్యామ్‌ను ఉంచి కంప్రెషన్ మాత్రం విపరీతంగా పెంచితే నాకింగు వస్తుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన సీమలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. వాల్వు స్ప్రింగులు కొత్త క్యామ్‌కు తగినవి కాకపోతే హెచ్చు వేగంలో వాల్వు క్యామ్‌ను వదలి ఎగురుతుంది. వాల్వుకు పిస్టన్‌కు నడుమ ఎడం చూడకపోతే రెండూ తాకి ఇంజను ధ్వంసమవుతుంది. లిఫ్ట్ విషయంలోనూ హద్దు కలదు. వాల్వు తన వ్యాసంలో నాలుగవ వంతు లేచినప్పుడు చుట్టూ ఏర్పడే సందు వైశాల్యం వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. 36 మిల్లీమీటర్ల వాల్వుకు అది 9 మిల్లీమీటర్లు. అంతకు పైన లేపినకొద్దీ ప్రయోజనం తరుగుతూ, స్ప్రింగుల మీద భారం పెరుగుతుంది. ఈ లెక్కకు మన ఇంటర్మీడియేట్ గణితమే చాలును.

అమ్మేవారు చెప్పే అంకెలను కూడా ఆచితూచి నమ్మవలెను. వాల్వు కదలుట మొదలైన క్షణం నుండి డ్యురేషన్ లెక్కించేవారు కొందరు. ఒక మిల్లీమీటరో, అంగుళంలో వెయ్యింట 50 వంతులో లేచిన తరువాత లెక్కించేవారు మరికొందరు. ఒకే క్యామ్ మొదటి పద్ధతిలో పెద్దదిగా, రెండవ పద్ధతిలో చిన్నదిగా కనబడుతుంది. కొలిచిన పద్ధతి తెలియని అంకెను మరొక అంకెతో పోల్చుట, ఒకరు శేరుతో కొలిచిన ధాన్యాన్ని మరొకరు కిలోలలో తూచిన ధాన్యంతో పోల్చుట వంటిది.

కావున మా అభిప్రాయంలో ఎంపికకు ఒక క్రమం ఉండవలెను. బండి ఎక్కడ తిరుగుతుంది? ఏ వేగంలో ఎక్కువసేపు తిరుగుతుంది? బరువెంత, గేర్లేమిటి? కంప్రెషన్ ఎంత? కార్బురేటరు లేక ఇంజెక్షన్, ఎగ్జాస్టు పైపులు ఎంత గాలిని రానిచ్చి పోనిస్తాయి? ఇవన్నీ తెలిసిన తరువాతనే క్యామ్ పేరెత్తవలెను. రెండింటి నడుమ సందేహం కలిగితే చిన్నదానిని ఎన్నుకొనుట మేలు. ఇది మనకు తెలియని సత్యమేమీ కాదు. మన పొలాలలోని ట్రాక్టరు ఇంజను నిమిషానికి సుమారు 2000 చుట్ల దగ్గర తన పనిని చేస్తుంది. దానికి పందెపు క్యామ్ వేయుమని ఏ రైతూ కోరడు. బండి చేయవలసిన పని ఏమిటో ఆయనకు తెలుసును గనుక.

"మీరు వేగానికి విరోధులా?" అని విద్యార్థులు మమ్ములను అడుగవచ్చును. ఎంతమాత్రం కాదు. పందెపు బాట మీద పందెపు క్యామే ఉండవలెను. అయితే మన భాషవారిలోనే వేగాన్ని సాధించినవారు ఏ మార్గంలో సాధించారో చూడవలెను. కోయంబత్తూరులోని తెలుగు నాయుడు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ 1988లో ఫార్ములా మారుతి అనే పందెపు కారును రూపొందించాడు. దానికి ఆయన ఎన్నుకొన్నది విదేశపు మహా యంత్రం కాదు. వీధులలో తిరిగే మారుతి 800 కారులోని 796 సి.సి., మూడు సిలిండర్ల చిన్న ఇంజను. సామాన్య యువకులకు అందే ఖర్చులో పందెం నేర్పుట ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశానికి ఆ ఇంజను తగినది. ఫార్ములా మారుతిలో తొలి అడుగులు వేసిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడైనాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించినా, కోయంబత్తూరు దగ్గరి పందెపు బాట నేటికీ ఆయన పేరును మోస్తున్నది. ప్రయోజనమెరిగి ఎన్నుకొన్న చిన్న ఇంజను ఎంత దూరం తీసుకొనిపోగలదో ఈ చరిత్ర చెబుతున్నది.

రెండు అవసరాలూ నిజంగా ఉన్నచోట ఇంజనీర్లు మరొక మార్గాన్ని వెదకినారు. 1989లో హోండా కంపెనీ, క్రింది వేగానికి ఒక ఆకారం, పై వేగానికి మరొక ఆకారం గల దిమ్మెలను ఒకే షాఫ్టు మీద ఉంచి, నడుమ మార్చుకొనే ఏర్పాటును ఇంటెగ్రా కారులో ప్రవేశపెట్టింది. ఒకే క్యామ్ అన్ని వేగాలకూ సరిపోదని అంతటి కంపెనీ అంగీకరించినప్పుడు, పెద్దదైతే అన్నిటికీ మంచిదని మనం వాదించుట తగదు.

చట్టాన్ని కూడా స్మరింపవలెను. తయారీదారు నిర్దేశించినదానికి, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భేదం వచ్చేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. పందెపు ఇంజను పందెపు బాటకే పరిమితం కావలెననుటకు ఇదియొక కారణం. తోపుడు బండ్లవారూ, బడి పిల్లలూ నడిచే కూడలి మరొక కారణం. మా దృష్టిలో రెండవదే గొప్పది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ కార్లలో క్యామ్‌షాఫ్ట్ అనేదే లేదు. "అయితే ఈ విద్య ఇక దేనికి?" అనవచ్చును. మన రోడ్ల మీద, పొలాలలో ఇంకను లెక్కకు మించిన ఇంజనులు తిరుగుతున్నవి. వాటిని నమ్ముకొని మన పట్టణంలో ఎన్నో కుటుంబాలు షెడ్లలో జీవిస్తున్నవి. పైగా విద్యుత్ బండి కొనేవాడైనను, ఎంత దూరం, ఎంత బరువు, ఏ దారి అనే ప్రశ్నలతోనే ప్రారంభించవలసి ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. తుక్కు దుకాణంలో దొరికే పాత ఇంజను ఒకటి, ఒక డిగ్రీ చక్రం, ఒక డయల్ గేజి - ఈ మూడింటిని మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు సమకూర్చవలెను. విద్యార్థి తన చేతితో క్రాంక్ త్రిప్పి, అయిదేసి డిగ్రీలకు వాల్వు లేచిన ఎత్తును వ్రాసుకొని గ్రాఫు గీసినప్పుడు, తరగతిలో నేర్చిన కోణాలూ వక్రరేఖలూ అతనికి ప్రాణం పోసుకొని కనబడతాయి. ఆ దినం పట్టణంలోని అనుభవజ్ఞులైన మెకానిక్‌లను పిలిచి, మన అధ్యాపకుల పక్కన కుర్చీ వేసి కూర్చుండబెట్టవలెను. వారిలో పలువురి పిల్లలు మన తరగతులలోనే చదువుతున్నారు. తండ్రి చేతి నల్లటి గ్రీజును చూచి సిగ్గుపడే పిల్లవాడు, ఆ చేతి వెనుక ఎంత లెక్క ఉన్నదో తన తోటివారి ఎదుట తెలుసుకొనుట అతని చదువులో ముఖ్యమైన పాఠమని మేము నమ్ముతున్నాము.

విద్యార్థి మిత్రులారా! మీరు ఇంజను మీద మోజు పెంచుకొనుట తప్పు కాదు. ఆ మోజును కొలతతో జతపరచుడు. ఇంటిలో పెద్దలను సొమ్ము అడుగుటకు ముందు, డిగ్రీలు లెక్కించుటకు ముందు, షెడ్డులోని పెద్దాయన అడిగిన ప్రశ్నను మీకు మీరే వేసుకొనుడు. ఈ బండి ఎక్కడ తిరగవలెను? ఆ సమాధానం చెప్పే క్యామ్‌షాఫ్టే ఆ బండికి తగినది.