మూడొందల దగ్గర ఆగిన మార్కులు... నెల రోజుల్లో ఏం చేయగలం?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, బైపీసీ పిల్లలున్న ఇళ్ళలో ఒకటే ప్రశ్న. "గ్రాండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?" ఆ జవాబును బట్టే ఆ పూట తండ్రి ముఖం, తల్లి నిద్ర, అమ్మమ్మగారి దేవుడి మొక్కులు! అయిదొందలు దాటితే పండగే. మూడొందల దగ్గర ఆగిపోతే మాత్రం ఇంట్లో గిన్నె చప్పుడైనా వినిపించదు.

నీట్ పరీక్ష 2023, 2024, 2025 సంవత్సరాల్లో మే నెల మొదటి ఆదివారం నాడే జరిగింది. అందుకే ఏప్రిల్ నెలకి ఇంత భయం. "ఇంకా నెల రోజులే ఉంది, దీనికి మార్కులు రావట్లేదు, ఏం చేయమంటారండీ?" అని అడిగే తల్లులు నాకు ఏటా కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు, ఇంటిపట్టున ఉండేవాళ్ళున్నారు. గొంతులో వణుకు మాత్రం అందరిదీ ఒకటే. ధైర్యం చెప్పి పంపేయడం తేలికే. కానీ వాళ్ళకి కావలసింది ధైర్యం కన్నా ముందు లెక్క.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2025లో సుమారు 22 లక్షల మంది నీట్ రాశారు. అందులో 12 లక్షల 36 వేల మంది అర్హత సాధించారు. జనరల్ కేటగిరీలో అర్హతకు కనీస మార్కు 720కి 144. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 113. ఆ లెక్కన మూడొందలు తెచ్చుకునే పిల్ల హాయిగా అర్హురాలే. అయితే అర్హత వేరు, సీటు వేరు. 2024-25 నాటికి దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా 18 వేల దగ్గర ఉన్నాయి. అంటే అర్హత పొందిన పదిమందిలో ఒక్కరికే సీటన్నమాట. అందులోనూ ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లున్నాయి. వాటి ఫీజులు మధ్యతరగతి ఇల్లు భరించేవి కావు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఏ ఏడాది మార్కు ఆ ఏడాదిదే. 2024లో మొదట ఫలితాలు ఇచ్చినప్పుడు 67 మందికి 720కి 720 వచ్చాయి. పేపరు లీకయిందన్న గొడవ, గ్రేస్ మార్కుల రద్దు, 1563 మందికి మళ్ళీ పరీక్ష, సుప్రీంకోర్టు విచారణ అన్నీ అయ్యాక సవరించిన ఫలితాల్లో ఆ సంఖ్య 17కి దిగింది. 2025లో ఫిజిక్స్ పేపరు పిల్లల్ని ఏడిపించింది. దేశంలో అందరికన్నా పై మార్కే 686. కాబట్టి "పక్కింటి అబ్బాయికి పోయినేడు ఇన్ని మార్కులకి సీటొచ్చింది" అన్న మాటతో ఈ ఏటి పిల్లను కొలవడం అన్యాయం.

తప్పుల్లో దాగిన మార్కులు

మార్కులు తక్కువ వస్తున్న పిల్లలు ఆఖరి నెలలో చేసే పని ఏమిటంటే, ఎప్పుడూ తెరవని పాఠాలన్నీ ఒక్కసారిగా తెరవడం. ఇంట్లోవాళ్ళు కూడా "మొత్తం సిలబస్ ఒకసారి చదివెయ్" అంటారు. ఇది మంచినీళ్ళ కోసం పది చోట్ల పది అడుగుల గొయ్యి తవ్వడం లాంటిదే.

ఒక లెక్క చూడండి. 2025 పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 మార్కు కోత. 96 ఒప్పులు, 84 తప్పులు పెట్టిన పిల్లకి సరిగ్గా 300 వస్తాయి. ఆ 84 తప్పులూ ఒక్క రకం కావు. కొన్ని అసలు తెలియనివి. కొన్ని తెలిసి కూడా ప్రశ్న తొందరగా చదివి పోగొట్టుకున్నవి. "సరికాని వాక్యం ఏది?" అని అడిగితే సరైన దాన్ని గుర్తించి వచ్చేవాళ్ళు కోకొల్లలు. ఇంకొన్ని ఆఖరి పది నిమిషాల్లో టైము లేక గబగబా గుండ్రాలు దిద్దేసినవి.

ఒక తప్పు ఒప్పుగా మారితే వచ్చేది 4 మార్కులు కాదు, 5. పోయే ఒకటి పోకుండా ఆగుతుంది, రావలసిన నాలుగూ వస్తాయి. ఆ 84లో 20 దిద్దుకుంటే మూడొందలు కాస్తా నాలుగొందలవుతాయి. కొత్త పాఠం ఒక్కటి నేర్వకుండానే! అందుకే ఈ నెలలో పిల్ల చేతిలో ఉండాల్సింది కొత్త గైడు కాదు, ఒక తప్పుల నోటుబుక్కు. ప్రతి టెస్టు అయ్యాక తప్పయిన ప్రతి ప్రశ్న ఎదురుగా "తెలియదు", "తెలుసు కానీ తప్పు చదివాను", "టైము చాలలేదు" అని రాసుకోవాలి. నాలుగు టెస్టులయ్యేసరికి తన జబ్బేమిటో తనకే తెలిసిపోతుంది.

రెండోది బయాలజీ. 180 ప్రశ్నల్లో 90 దానివే. అంటే సగం పరీక్ష, 360 మార్కులు. ఫిజిక్స్‌లో వెనకబడిన పిల్ల నెల రోజుల్లో దాన్ని జయించడం కష్టం. బయాలజీ అలా కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వాక్యం, బొమ్మలతో సహా రెండుసార్లు తిరగేస్తే ఫలితం కనిపిస్తుంది. ఫిజిక్స్ వదిలేయమని కాదు నేను చెప్పేది. సూత్రం గుర్తుంటే చాలు లెక్క వచ్చేసే తేలిక పాఠాలు ఎంచుకుని వాటినే గట్టి చేసుకోవాలి.

మూడోది సిలబస్ కాగితం. 2024 నుంచి నీట్ సిలబస్ తగ్గింది. జీర్ణక్రియ, ఖనిజ పోషణ, మొక్కల్లో రవాణా, పర్యావరణ సమస్యలు తీసేసిన వాటిలో ఉన్నాయి. కెమిస్ట్రీలో ఘనస్థితి, పాలిమర్లు కూడా అంతే. పాత మెటీరియల్, అక్క చదివిన గైడు పట్టుకుని పరీక్షలో లేని పాఠాల మీద రాత్రుళ్ళు మేలుకుంటున్న పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన సిలబస్‌ని ముద్రించి గోడకి అంటించండి. లేనిది చదవకపోవడం కూడా సిద్ధమవడమే!

క్రాష్ కోర్సుల సంత

భయం ఎక్కడుంటే బేరం అక్కడుంటుంది. "30 రోజుల్లో 200 మార్కులు పెంచుతాం" అనే కరపత్రాలు ఈ నెలలోనే ఎక్కువ. అప్పటికే రెండేళ్ళ ఫీజు కట్టిన తండ్రి మళ్ళీ అప్పు చేస్తాడు. తల్లి గాజులు తీసిస్తుంది. కొత్త ఊరు, కొత్త హాస్టలు, కొత్త లెక్చరరు, కొత్త మెటీరియల్... అలవాటు పడేసరికే పరీక్ష వచ్చేస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకి మార్గదర్శకాలిచ్చింది. ర్యాంకులు, మార్కులు గ్యారంటీ అని ప్రకటించకూడదని అందులో స్పష్టంగా ఉంది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలనీ ఉంది. డబ్బు కట్టేముందు ఈ రెండు ముక్కలూ అడిగి చూడండి. అవతలివాళ్ళ ముఖం చూస్తే మీకే అర్థమవుతుంది.

సెక్షన్ మారిస్తే మనసు విరుగుతుంది

మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక ఆచారం ఉంది. మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేస్తారు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి మిగిలినవాళ్ళు. మార్కుల జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు. వెనకబడిన పిల్లకి చెయ్యి అందించాల్సిన చోట మరింత వెనక్కి నెడతారు.

2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పిస్తూ దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, పిల్లల్ని నలుగురిలో అవమానించకూడదు, వందమంది లేదా అంతకు మించి చదివేచోట శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంతమంది పోయాక వచ్చిన రూలు అది. ఆ రూలుందని కాలేజీవాళ్ళకి గుర్తుచేయాల్సింది తల్లిదండ్రులే. పేరెంట్స్ మీటింగులో "మా అమ్మాయికి ఎన్నో ర్యాంకు?" అని అడిగే మనం "మీ కాలేజీలో కౌన్సిలర్ ఎవరండీ?" అని ఒక్కసారైనా అడిగామా?

అబ్బాయికి లాంగ్ టర్మ్, అమ్మాయికి సంబంధమా?

ఈ పేజీ చదివేవాళ్ళతో మాట్లాడాల్సిన అసలు సంగతి ఇది. 2025లో అర్హత సాధించిన 12 లక్షల 36 వేల మందిలో 7 లక్షలకు పైగా అమ్మాయిలే. పరీక్ష రాసేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. మరి మొదటిసారి సీటు రాకపోతే?

అబ్బాయైతే "ఒక ఏడాదేగా, లాంగ్ టర్మ్ పెడదాం" అంటాం. అమ్మాయైతే "ఇంకెన్నాళ్ళు? డిగ్రీలో చేర్పించి సంబంధాలు చూద్దాం" అంటాం. అన్ని ఇళ్ళూ ఇలా లేవు, ఒప్పుకుంటాను. కానీ నాకు తెలిసిన చాలా ఇళ్ళలో కొడుకుకి దొరికే రెండో ఏడాది కూతురికి దొరకదు. నీట్ ఎన్నిసార్లు రాయాలనే దానికి పరిమితి లేదు, పై వయసు హద్దు కూడా లేదు. హద్దు గీస్తున్నది మన ఇంటి గడపే.

ఈ మాట తెలిసిన అమ్మాయి మీద రెట్టింపు బరువుంటుంది. "ఇదే ఆఖరు" అనుకుంటూ రాసే పరీక్షలో చెయ్యి వణక్కుండా ఎలా ఉంటుంది? అందుకే ఆ తరవాత సంగతి పరీక్షకి ముందే తేల్చేయండి. మళ్ళీ రాయడమా, లేక ఈఏపీసెట్‌తో వచ్చే అగ్రికల్చర్ బీఎస్సీ, బీ.ఫార్మసీ, ఫార్మ్-డీలా, నీట్ మార్కుతోనే దొరికే ఆయుర్వేదం, హోమియోపతీయా, నర్సింగా, ఫిజియోథెరపీయా? భార్యాభర్తలిద్దరూ కూర్చుని, అమ్మాయినీ కూర్చోబెట్టుకుని మాట్లాడండి. దారి ఇంకొకటుందని తెలిస్తే పిల్ల చదువు మానేస్తుందేమోనని కొందరు భయపడతారు. నేను చూసినంతలో, దారి తెలిసిన పిల్లే స్థిమితంగా చదువుతుంది.

అమ్మ చేతిలో ఉన్నవి

2025లో పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు జరిగింది. గేటు 1-30కే మూసేశారు. మన పిల్లలేమో రాత్రి రెండింటిదాకా చదివి, ఎండవేళ కునుకు తీసే రకం. పరీక్ష వేళకి ఒళ్ళు నిద్రకి అలవాటు పడి ఉంటుంది. కనీసం పదిహేను రోజుల ముందు నుంచి ఆ మూడు గంటలూ ఓఎంఆర్ షీటు ముందు పెట్టి రాయించండి. ఆ వేళకి టీవీ కట్టేయండి. చుట్టాలు ఫోన్ చేస్తే మీరే మాట్లాడి పెట్టేయండి. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా ఉండనివ్వండి.

తెలుగులో పేపరు ఎంచుకున్న పిల్లలకి ఒక మాట. ప్రశ్న ఇంగ్లీషులోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే ప్రమాణం. తెలుగు వాక్యం తికమకగా ఉంటే పక్కనున్న ఇంగ్లీషు చూడటం అలవాటు చేసుకోవాలి. పొడుగు చేతుల బట్టలు, బూట్లు, నగలు పనికిరావు కాబట్టి ఆ రోజుకి బట్టలు ముందే తీసిపెట్టండి. హాల్ టికెట్, ఫోటో, గుర్తింపు కార్డు కూడా.

పిల్ల తిండి మానేసినా, నిద్రపోకపోయినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాట అన్నా దాన్ని పరీక్ష టెన్షన్ అని కొట్టిపారేయకండి. ఆ క్షణం పుస్తకాలు మూసేసి దగ్గర కూర్చోండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఫోన్ చేయడం నామోషీ కాదు.

నెల రోజుల్లో మూడొందలు ఆరొందలవుతాయని ఎవరు చెప్పినా నమ్మకండి. నాలుగొందలు కావచ్చు, ఆ పైనా కావచ్చు. దానికి సీటు వచ్చినా రాకపోయినా, జూన్‌లో ఫలితాలొచ్చే రోజున ఆ పిల్ల మీ ఎదురుగా తలెత్తుకుని కూర్చోగలగాలి. ఆ ధీమా ఏ కోచింగ్ సెంటరూ అమ్మదు. ఇవ్వాల్సింది మనమే.