మినుము సంచికి నీలం చీటీ

డబ్బాలో మినుములు నిగనిగలాడుతూ ఉంటే, "విత్తనానికి ఇంతకంటే ఏం కావాలి?" అనిపించడం సహజం. గారెలకైతే ఏమీ అక్కరలేదు. చేనికి మాత్రం ఆ నిగనిగ చాలదు.

కృష్ణా డెల్టాలో వరి కోతకు 2, 3 రోజుల ముందే, ఆ తడిలో మినుములు చల్లేస్తారు. మళ్ళీ దుక్కి అంటూ లేదు. భారమంతా విత్తనం మీదే. మినుముకు సీతాఫలం తెగులని ఒకటుంది. ఆకులు గరుకెక్కి ముడుతలు పడతాయి. కాయ అరకొరగా పడుతుంది. ఈ తెగులు గింజలో దాగి మరుసటి పంటకు రాగలదు. గింజను చూచి పోల్చడం ఎవరి తరమూ కాదు. తడిగుడ్డలో 100 గింజలు కట్టి చూడండి, 75కు పైగా మొలకెత్తవచ్చు. మొలక వేరు, ఆరోగ్యం వేరు.

కాబట్టి పరీక్ష గింజతో కాక చేనితో మొదలు కావాలి. ధ్రువీకరణ విత్తనం పండించే చేనిని పూతకు ముందొకసారి, పూత పిందె దశలో మరొకసారి తనిఖీ చేస్తారు. తెగులు మొక్కలనూ కేళీలనూ పీకించి, పండిన గింజను పరీక్షించాకనే సంచికి నీలం చీటీ కడతారు. దానిమీద గడువు తేదీ చూచుకోండి. చీటీనీ రసీదునూ పంట ఇల్లు చేరేదాకా దాచండి.

అయితే, ఆ చీటీ పల్లాకు తెగులును ఆపలేదు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. అందుకు తట్టుకునే రకం ఎంచుకోవలసిందే.

ఇల్లాళ్ళకొక మాట: మందు పట్టించిన విత్తనం మిగిలితే, ఎంత కడిగినా వంటకు పనికిరాదు. కోళ్ళకూ వేయకండి.